బ్రేకు నొక్కితేనే స్టీరింగ్ వణుకుతోందా? హబ్బు మీద తుప్పు చూడండి
సింహాచలం కొండ దిగుతూ బ్రేకు నొక్కినప్పుడే స్టీరింగ్ వణుకుతోందని, రెండుసార్లు వీల్ బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదని రాశారు. తగ్గదండి. బ్యాలెన్సింగ్ లోపమైతే హైవే మీద 80, 100 వేగంలో బ్రేకుతో పనిలేకుండానే వణికేది. బ్రేకు నొక్కినప్పుడే, అదీ స్టీరింగ్‌లోనే తెలుస్తోందంటే ముందు చక్రాల బ్రేకు డిస్కులను అనుమానించాలి.

డిస్కు వంగిపోయిందని మెకానిక్కులు అంటారు గానీ, నిజంగా వంగడం అరుదు. హబ్బు (డిస్కు, చక్రం బిగించే మధ్య భాగం) మీద అది సూటిగా కూర్చోక కొద్దిగా ఊగుతూ తిరిగితే, దాన్ని నొక్కే బ్రేకు ప్యాడ్లు ఒకే చోట రాసుకుని డిస్కు మందంలో తేడా వస్తుంది, అదే వణుకు. చాలా కార్లకు 0.05 మిల్లీమీటర్లు దాటిన ఊగు చాలు. నా కారు బీచ్ రోడ్డు పక్కనే ఉంటుంది. ఉప్పుగాలికి హబ్బు ముఖం మీద తుప్పు పెచ్చులు కట్టింది. దాన్ని గీకకుండానే కొత్త డిస్కులు బిగించారు, మూడు నెలలకే వణుకు మళ్లీ మొదలు! వైరు బ్రష్షుతో హబ్బు మెరిసేదాకా రుద్ది, ఇంకో జత వేయించాక గానీ పోలేదు. డబ్బు రెండింతలు.

డిస్కు ఊగును కొలిచే డయల్ గేజీ ఉన్న చోటికే వెళ్లండి. డిస్కును మెషీన్ మీద చెక్కించి చదును చేయించాక కూడా దాని మీద ముద్రించిన కనీస మందానికి పైన ఉంటేనే చెక్కించండి. లేదంటే రెండు వైపులా మార్చాలి, ప్యాడ్లతో సహా. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) పిన్నులు చేతితో నెడితే జారాలి. చక్రం నట్లు గాలి గన్నుతో బాదకుండా, ఎంత బిగువో కొలిచి బిగించే టార్క్ రెంచితో, ఎదురెదురుగా బిగించమనండి. అంతవరకు కొండ మాత్రం రెండో గేరులో దిగండి.