హాస్పిటల్ వాళ్లు 12 లక్షలు కట్టమంటున్నారు, తోట తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: నేను గైనకాలజిస్టుని. రాజమండ్రిలో ఒక హాస్పిటల్ గ్రూపులో మూడేళ్ల ఒప్పందం మీద కన్సల్టెంటుగా చేరి 2 సంవత్సరాల 4 నెలలు చేశాను. నెలకు 2,20,000, కాన్పులకీ ఆపరేషన్లకీ ఇన్సెంటివ్ వేరు. ఆ ఇన్సెంటివ్ 7 నెలలుగా ఇవ్వలేదు (నా లెక్కలో 3,10,000). అడిగితే ఆరోగ్యశ్రీ బిల్లులు రాలేదన్నారు. విసిగిపోయి, మూడు నెలల నోటీసు ఇవ్వాల్సింది ఒక్క నెలే ఇచ్చి మానేశాను. చివరి రెండు నెలల డబ్బులు ఆపేశారు, పీజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు లాయరు నోటీసు పంపారు. తక్కువైన నోటీసుకి 4,40,000, మూడేళ్లు పూర్తికాకుండా మానేస్తే కట్టాలన్న బాండు 5,00,000, నా ఫొటోతో వేసిన హోర్డింగుల ఖర్చు 2,60,000, మొత్తం 12 లక్షలు, దానిపైన 18 శాతం జీఎస్టీ. రెండేళ్లపాటు 40 కిలోమీటర్ల లోపు ప్రాక్టీసు చేయకూడదట. మేం మండపేటలో క్లినిక్ పెడదామనుకున్నాం. కొత్తపేట దగ్గర కొబ్బరితోట తాకట్టు పెట్టి కట్టేద్దాం, పీడా పోతుంది అంటున్నారు నాన్నగారు. ఏం చేయమంటారు?

జవాబు: డాక్టరు గారూ, ముందు నాన్నగారికి చెప్పండి, తోట కాగితాలు బీరువాలోంచి బయటికి తీయొద్దని. ఆయన భయం నాకు అర్థమవుతుంది. మన వైపు పెద్దవాళ్లకి లాయరు నోటీసు అంటే పరువు పోయినట్టే, ఎంతో కొంత పడేసి వదిలించుకుందాం అనిపిస్తుంది. కానీ వాళ్లు 12 లక్షలు అడిగారు, అంతే. అడిగినంత మాత్రాన అది మీ అప్పు అయిపోదు. వాళ్లు మీకివ్వాల్సినదాన్ని మాత్రం ఆ నోటీసులో ఎక్కడా రాయలేదు చూడండి.

ఆ లెక్క మనం వేద్దాం. రెండు నెలల ఫీజు 4,40,000, ఇన్సెంటివ్ 3,10,000, వాళ్ల నుంచి మీకు రావాల్సింది 7,50,000. నోటీసు తక్కువైన మాట నిజం కాబట్టి ఆ 4,40,000 మీరు ఒప్పుకోవాల్సి రావచ్చు. బాండు విషయంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ఏమంటుందంటే, రాసుకున్న అంకె గరిష్ఠ హద్దు మాత్రమే, దాని లోపల సమంజసమైన పరిహారమే ఇప్పించాలి. మీరు 36 నెలల్లో 28 చేశారు, మిగిలింది 8. ఆ లెక్కన 5 లక్షల్లో మీ వంతు సుమారు 1,11,000. హోర్డింగుల్లో మీ ఫొటో వేసుకుని పేషెంట్లను పిలుచుకున్నది వాళ్లు, ఆ ఫీజులు వసూలు చేసుకున్నదీ వాళ్లే. ఆ ఖర్చు మీ మీద పడుతుందని ఒప్పందంలో మాట లేకపోతే దాన్ని నేను లెక్కలోకే తీసుకోను. అంటే మీరు ఇవ్వాల్సింది 5,51,000 దాకా, మీకు రావాల్సింది 7,50,000. ఇంకా వాళ్లే మీకు దాదాపు 2 లక్షలు బాకీ.

ఇక చెడ్డ లెక్క. వాళ్లడిగిన 12 లక్షలూ నెగ్గి, మీ ఇన్సెంటివ్ ఒక్క రూపాయి కూడా రుజువు కాలేదనుకుందాం. అప్పుడు కూడా రెండు నెలల ఫీజు పోను 7,60,000, పైన వడ్డీ, లాయరు ఖర్చు. జీఎస్టీ సంగతి మర్చిపోండి, ఒప్పందం తప్పినందుకు ఇచ్చే పరిహారం మీద, నోటీసు డబ్బుల మీద ఆ పన్ను లేదని 2022 ఆగస్టులోనే కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. అంత చెడ్డగా జరుగుతుందని నేననుకోవడం లేదు గానీ, హద్దు ఎక్కడుందో తెలిస్తే రాత్రిళ్లు నిద్ర పడుతుంది కదండీ.

అలాగని బాండుకి విలువే లేదని ఎవరైనా డాక్టర్ల గ్రూపులో చెబితే నమ్మకండి. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగి కేసులో 2 లక్షల బాండు చెల్లుతుందనే చెప్పింది. రెండేళ్లు, 40 కిలోమీటర్ల షరతు మాత్రం వేరే కథ. అదే కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఉద్యోగం వదిలాక వృత్తి చేసుకోకుండా కట్టడి చేసే షరతు చెల్లదు, 1967 నుంచి ఇప్పటిదాకా సుప్రీంకోర్టు తీర్పులు ఆ తేడానే చూపిస్తూ వచ్చాయి: ఉద్యోగంలో ఉన్నప్పటి కట్టడి సరే, మానేశాక కాదు. కాబట్టి మండపేటలో బోర్డు కట్టుకోండి. ఒక్క జాగ్రత్త, ఆ హాస్పిటల్ కంప్యూటర్లోంచి తెచ్చుకున్న ఫోన్ నంబర్లకి వాట్సాప్ మెసేజులు పెట్టొద్దు. మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చే గర్భిణీని చూడటంలో తప్పు లేదు, కానీ వాళ్ల లిస్టు వాడితే ఇప్పుడు వాళ్ల చేతిలో లేని ఆయుధం మీరే ఇచ్చినట్టవుతుంది.

ఇంతకంటే ముఖ్యమైన పని ఒకటుంది, ఈ రోజే చేయండి. ఆదాయపు పన్ను పోర్టల్లో మీ 26ఏఎస్ (మీ పేరున ఎవరెంత పన్ను కోసి కట్టారో చూపే పట్టిక) తీసి చూడండి. మీ ఫీజులోంచి ముందుగానే 10 శాతం పన్ను (టీడీఎస్) కోసేవారు కదా, ఆ కోత మీకు డబ్బు చేతికిచ్చినప్పుడే కాదు, పుస్తకాల్లో మీ పేరున జమ రాసినా కోయాలి, ఏది ముందైతే అప్పుడు. మీకు ఇవ్వని ఆ రెండు నెలలకి టీడీఎస్ పడి ఉంటే, ఈ డబ్బు డాక్టరుకి ఇవ్వాలి అని వాళ్ల ఖాతాలే చెబుతున్నట్టు. ఇన్సెంటివ్ కి కూడా పడి ఉంటే ఇక చెప్పేదే లేదు. అలాగే ఆ 7 నెలల కేసుల జాబితా రాయండి, తేదీ, ఐపీ (అడ్మిషన్) నంబరు, ఆపరేషన్ పేరు చాలు, పేషెంట్ల పేర్లు వద్దు. ఇన్సెంటివ్ గురించి మీరు పంపిన మెయిళ్లు, అకౌంట్స్ వాళ్లు ‘ఆరోగ్యశ్రీ రాగానే’ అని పెట్టిన మెసేజులు డిలీట్ చేయకండి, బాకీ ఉందని వాళ్లు ఒప్పుకున్న మాటలవి.

నా దగ్గరకి ఒక మత్తు డాక్టరు గారు ఇలాంటి నోటీసుతోనే వచ్చారు, కానీ కట్టేశాక వచ్చారు. భార్య నగలు కుదువపెట్టి అడిగినంతా ఇచ్చేశారు, ఇంకేమీ బాకీ లేదని మాత్రం కాగితం రాయించుకోలేదు. సర్టిఫికెట్ల కోసం ఆ తర్వాత కూడా నెలల తరబడి తిరిగారు. ఆయన చెబుతుంటే నాకు ఎంత బాధేసిందో. అందుకే మీకింత గట్టిగా రాస్తున్నాను.

నోటీసుకి గడువులోపు మీ లాయరు చేత జవాబు ఇప్పించండి, ఊరుకోవద్దు. 7,50,000 లెక్క, ఒరిజినల్స్ వెనక్కివ్వాలన్న మాట అందులో స్పష్టంగా ఉండాలి. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అనో, హైదరాబాద్ కోర్టు అనో రాసుందేమో చూపించండి, దాన్నిబట్టి ఖర్చు మారిపోతుంది. మీకు రావాల్సిన బాకీ మీద దావా వేయడానికి మూడేళ్ల గడువుంది, తొందరపడక్కర్లేదు, నిద్రపోనూ కూడదు. ఇంకో దారి, రాజమండ్రి జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థ. కేసు వేయకముందే లోక్ అదాలత్ కి పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు, మహిళలకైతే ఆదాయం ఎంతున్నా ఉచిత న్యాయ సహాయం చట్టంలోనే ఉంది. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది.

నన్నడిగితే ఎక్కడ రాజీ పడాలంటే, సున్నాకి సున్నా. మీరు వాళ్లకి ఇవ్వక్కర్లేదు, వాళ్లు మీకు ఇవ్వక్కర్లేదు, ఒరిజినల్స్, అనుభవ పత్రం చేతికి రావాలి, ఇకపై ఎవరికీ ఏ బాకీ లేదని రెండు వైపులా సంతకాలు పడాలి. కాగితం మీద మీకు 2 లక్షలు నష్టమే, తెలుసు. కానీ నెలకి రెండు లక్షలు సంపాదించే చేతులు ఏడాదిపాటు కోర్టు వాయిదాల చుట్టూ తిరగడం అంతకన్నా పెద్ద నష్టం. మీరు ఎదురు డబ్బు కట్టే రాజీకి మాత్రం ఇప్పుడే ఒప్పుకోవద్దు.

క్లినిక్ కి వస్తే, మొదటి ఏడాది సొంత ఆపరేషన్ థియేటర్ వద్దండి. అద్దెకి రెండు గదులు, ఒక స్కానింగ్ మిషన్, కాన్పులకి ఊళ్లో ఉన్న నర్సింగ్ హోమ్. డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) ఆఫీసులో క్లినిక్ రిజిస్ట్రేషన్ ముందే చేయించండి, స్కానింగ్ కి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, అది చేతికొచ్చేదాకా మిషన్ కొనొద్దు. అప్పు కావాలంటే ఉద్యమ్ లో (చిన్న వ్యాపారాల ప్రభుత్వ పోర్టల్) నమోదై, సీజీటీఎంఎస్ఈ (చిన్న వ్యాపారాల అప్పులకి బ్యాంకుకి హామీ ఉండే ట్రస్టు) హామీ మీద తోట తాకట్టు లేకుండా అడగండి. బ్యాంకు మేనేజరు ‘తోట ఉందిగా మేడమ్’ అంటారు, మీరు గట్టిగా ఉండండి. సార్వా, దాళ్వా డబ్బులు చేతికొచ్చినప్పుడు ఓపీ ఒకలా ఉంటుంది, మధ్య నెలల్లో ఇంకోలా, కాబట్టి ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన లేకుండా ఈఎంఐ మొదలుపెట్టకండి. కన్సల్టెంటుగా చేశారు కాబట్టి మీకు పీఎఫ్ కూడా లేదు, ఆ గుంట కూడా పూడ్చుకోవాలి, దాని గురించి వివరంగా తర్వాత రాస్తాను.

26ఏఎస్ లో ఏముందో, ఒప్పందంలో హోర్డింగుల మాట ఉందో లేదో ఈ రెండూ చూసి మళ్లీ రాయండి. నాన్నగారికి నా నమస్కారాలు.