మెడలోంచి కంటి మీదికి పాకే తలనొప్పి

మీ తలనొప్పి ఒకే పక్క, మెడ వెనక మొదలై కంటి పైకి పాకుతోంది, ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే పెరుగుతోంది అన్నారు కాబట్టి మెడ పైభాగం వల్లే కావచ్చు. అక్కడి నరాలు, ముఖానికి స్పర్శ తెలిపే నరం వెన్నుపాము పైచివర కలుస్తాయి. అందుకే కన్ను లాగేస్తుంది.

1. స్క్రీన్ కంటి ఎత్తుకు లేపండి.

2. గడ్డం వెనక్కి లాగే వ్యాయామం చేయండి. చాలామంది తప్పు చేసేది ఇందులోనే. గడ్డం కిందికి వంచకండి. చూపు ఎదురుగానే ఉంచి, సొరుగు మూసినట్టు తిన్నగా వెనక్కి లాగి 5 సెకన్లు ఆపండి, 10 సార్లు. పుర్రె అడుగున సాగినట్టు తెలియాలి. నొప్పి పెరిగితే ఆపేయండి.

3. వెన్ను, మెడ కీళ్లను చేతులతో సరిచేసే కైరోప్రాక్టర్‌ దగ్గరికి డాక్టర్ చూశాకే వెళ్లండి. మెడ టక్కుమనిపించొద్దని వాళ్లకి మీరు చెప్పొచ్చు, మెల్లగా చేసే పద్ధతులున్నాయి. సెలూన్‌లో మెడ విరిపించుకోవడం మాత్రం వద్దే వద్దు. అరుదుగానైనా రక్తనాళం చీలుతుంది.

మాట తడబడినా, చెయ్యి తిమ్మిరెక్కినా, ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకే.