అల్లుడికో మాట: ఫ్యాను కూలరా, వాటర్ కూలరా?

చిన్నా,

నీ మెసేజీ చూశాను. పెళ్లి వీడియోల పనికి ఐ5-14600కె ప్రాసెసరు, జెడ్790 బోర్డు కొనేశావు, ఇక కూలరొక్కటే మిగిలింది. షాపతను 360 ఎంఎం వాటర్ కూలర్ (మూడు ఫ్యాన్లది) పెట్టించుకోమన్నాడట. అద్దాల క్యాబినెట్లో రంగు లైట్లతో తిరుగుతుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది, కాదనను. ముచ్చటపడి కొంటానంటే కొనుక్కో, నేనడ్డు రాను. ఓవర్‌క్లాక్ చేస్తాను, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ పరిగెత్తిస్తాను కాబట్టి అది లేకపోతే కుదరదంటున్నావు చూడు, అక్కడే నీతో పేచీ.

అసలు రెండూ గాలి కూలర్లే. వాటర్ కూలర్లో నీళ్లది మోత పని మాత్రమే: ప్రాసెసర్ నెత్తినున్న రాగి పలక దగ్గర వేడిని ఎక్కించుకుని రేడియేటర్ దాకా మోసుకుపోతాయి. అక్కణ్ణించి దాన్ని బయటికి నెట్టేది మళ్లీ ఫ్యాను గాలే. టవర్ కూలర్లో, అంటే రేకుల దొంతరకి ఫ్యాను బిగించిన ఎయిర్ కూలర్లో, ఆ మోత పని రాగి గొట్టాలది. పైకి కడ్డీల్లా కనిపిస్తాయి గానీ లోపల బోలు. గాలి లాగేసి, కాసిన్ని నీళ్లుంచి మూసేస్తారు. ప్రాసెసర్ వైపు ఆ నీళ్లు ఆవిరవుతాయి, రేకుల వైపు పోయి వేడి వదిలి మళ్లీ నీళ్లవుతాయి, గొట్టం లోపలి గోడకుండే పొర వాటిని పీల్చి వెనక్కి తెస్తుంది. పంపూ లేదు, మోటారూ లేదు. ఈ రెండింట్లో ఏదీ గదిలో గాలి కంటే చల్లగా ప్రాసెసర్‌ని చెయ్యలేదు.

మనకి చిక్కంతా ఆ గది గాలితోనే. నువ్వు చూసే రివ్యూలు చాలావరకు 21, 22 డిగ్రీల గదుల్లో చేసినవి. విశాఖ పెదవాల్తేరులో మీ పై అంతస్తు గది మే నెల మధ్యాహ్నం ఏసీ లేకుండా 34 దగ్గర ఉంటుంది. కూలర్ సత్తాని గది వేడి మీద ఎన్ని డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందో దాన్నిబట్టి కొలవాలి. వాళ్ల 22 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 80 చూపించిందంటే తేడా 58. ఆ 58ని నీ 34కి కలుపు, 92 అవుతుంది. నీ ప్రాసెసరుకి ఇంటెల్ గీసిన గీత 100. అంటే వాళ్లకి ఇరవై డిగ్రీలు చేతిలో మిగిలితే నీకు మిగిలింది ఎనిమిది. రివ్యూ చూసిన ప్రతిసారీ ఈ కూడిక వేసుకో. గది వేడి ఎంతో చెప్పని రివ్యూ అసలు చూడకు.

"అలాగైతే నీళ్లే మేలు కదా మావయ్యా" అంటావు. ఆగు. ముందు ఆ వేడి ఎందుకు పుడుతోందో చూద్దాం.

ప్రాసెసర్ తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం వర్గంలో పెరుగుతుంది. 5.3 గిగాహెర్ట్జ్ దగ్గర 1.20 వోల్టులతో 181 వాట్లు తింటోందనుకో. నువ్వు 5.6కి లాగాలని 1.35 వోల్టులిచ్చావు. వేగం పెరిగింది ఆరు శాతం లోపే. వోల్టేజీ వర్గం మాత్రం ఇరవై ఆరు శాతం పైన పెరిగింది. రెండూ గుణిస్తే మూడో వంతు ఎక్కువ, 240 వాట్లు దాటిపోయింది. దీనివల్ల నీకు ఒరిగేదేంటయ్యా అంటే, గంట పట్టే పెళ్లి వీడియో మహా అయితే మూడు నిమిషాలు ముందు బయటికొస్తుంది. ఆ మూడు నిమిషాల కోసం అరవై వాట్లు అదనంగా గదిలోకి వదిలి, దాన్ని చల్లబరచడానికి రెండింతల ధర పెట్టి కూలర్ కొనడం నాకైతే మింగుడు పడదు.

అందుకే ముందు బయోస్‌లో, అంటే బోర్డు సెట్టింగులుండే ప్రోగ్రాములో, పని చెయ్యి. తాజా బయోస్ వేసుకోనిదే క్లాక్ జోలికి పోకు. నీది 14వ తరం. 13, 14 తరాల ప్రాసెసర్లు మోతాదు మించిన వోల్టేజీ వల్ల దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెలే చెప్పి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాము) సవరణలు విడుదల చేసింది, వారంటీని కూడా రెండేళ్లు పొడిగించింది. ఓవర్‌క్లాక్ చేసి పాడు చేసుకుంటే ఆ వారంటీ వర్తించకపోవచ్చని గుర్తుంచుకో. బయోస్ అయ్యాక పవర్ లిమిట్ 181 వాట్ల దగ్గర కట్టు. ఆ తర్వాత వోల్టేజీని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, మెషీన్ హ్యాంగ్ అవకుండా ఎంతవరకు నిలబడుతుందో చూడు. తగ్గించగా మిగిలిన వాట్లనే వేగంలోకి మళ్లించు. 5.4 వచ్చినా చాలు. ఓవర్‌క్లాకింగ్‌లో అసలు పనితనం ఇదే. వోల్టేజీ ఎక్కించడం ఎవడైనా చేస్తాడు.

ఇలా కట్టుకుంటే రెండు టవర్లు, రెండు ఫ్యాన్లు ఉన్న మంచి ఎయిర్ కూలర్ నీ 181 వాట్లని వేసవిలోనూ తట్టుకుంటుంది. ఈ వాట్ల దగ్గర 360 వాటర్ కూలరుకీ దానికీ తేడా సాధారణంగా పది డిగ్రీల లోపే. రెండు ఫ్యాన్ల 240 ఎంఎం వాటర్ కూలర్ తీసుకుంటానంటే మాత్రం వద్దే వద్దంటాను. జంట టవరు చెయ్యలేనిది అది పెద్దగా చేసేదేమీ లేదు, పైగా పంపు గొడవ అదనం.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మీ ఇంటి బాల్కనీ తలుపు సముద్రం వైపు. అక్క పొద్దస్తమానం తీసే ఉంచుతుంది, ఉక్కపోతకి తియ్యకపోతే ఉండలేం కూడా. ఆ గాలిలో ఉప్పుంటుంది. ఉప్పు తేమని పీలుస్తుంది, తేమ దుమ్ముని పట్టేస్తుంది. ద్వారకానగర్లో ఇన్నేళ్లుగా మెషీన్లు విప్పుతున్నాను, బీచ్ రోడ్డు వైపు నుంచి వచ్చినవాటిని విప్పకుండానే గుర్తుపడతాను: వెనక స్క్రూలు తుప్పు రంగు, అల్యూమినియం రేకుల అంచుల మీద తెల్లటి పొడి, లోపల దుమ్ము పొడిగా రాలదు, జిగురులా అంటుకుని ఉంటుంది. జ్ఞానాపురం, కంచరపాలెం వైపు నుంచి వచ్చినవాటిలో నల్లటి పొడి. హుద్‌హుద్ తుపాను తర్వాత, 2014 అక్టోబరు, నవంబరుల్లో వచ్చిన బోర్డుల సంగతి చెప్పనే అక్కర్లేదు, రాగి ఎక్కడుంటే అక్కడ పచ్చగా పూసింది.

ఈ జిగురు దుమ్ము బ్లోయర్‌కి లొంగదు. టవర్ కూలర్లో రేకుకీ రేకుకీ మధ్య సందు కాస్త విశాలం. ఫ్యాను క్లిప్పు తీసి పక్కన పెట్టి, మెత్తటి పెయింటు బ్రష్షుతో అటు నుంచి ఇటు దులిపితే వచ్చేస్తుంది. రేడియేటర్లో రేకులు మడతలు మడతలుగా దగ్గరదగ్గరగా ఉంటాయి, కాస్త గట్టిగా తాకితే వంగిపోతాయి. ఫ్యాన్లకీ రేడియేటర్‌కీ మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుంటుంది. దాన్ని తియ్యాలంటే ఒక్కో ఫ్యానుకి నాలుగేసి స్క్రూలు విప్పాలి. 360కి మూడు ఫ్యాన్లు, లెక్క నువ్వే వేసుకో. మూడు నెలలకోసారి నువ్వు కూర్చుని ఆ పని చేస్తావా? నీ సంగతి నాకు తెలుసు. బ్లోయర్ కొట్టేటప్పుడు మాత్రం ఫ్యాను రెక్కని వేలితో పట్టుకో, గిర్రున తిరగనిస్తే బేరింగ్ పోతుంది.

చెడిపోయినప్పటి సంగతి కూడా చూడు. ఎయిర్ కూలర్లో చెడేది ఫ్యానొక్కటే. నాలుగు పిన్నుల 120 ఎంఎం ఫ్యాను ఏ షాపులోనైనా దొరుకుతుంది, సాయంత్రానికి మళ్లీ పని మొదలెట్టొచ్చు. వాటర్ కూలర్లో పంపు ఆగితే నిమిషం తిరక్కుండా 100 దగ్గర కూర్చుంటుంది. ప్రాసెసర్ కాలిపోదులే, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, మరీ అయితే ఆగిపోతుంది. కానీ పంపు విడిగా దొరకదు. మొత్తం సెట్టు వారంటీకి పంపించి ఎదురుచూడాలి, పెళ్లిళ్ల సీజన్లో అది నీకు గిట్టుబాటయ్యే పని కాదు. లీకేజీ అరుదు, దానికి మరీ బెంబేలు పడక్కర్లేదు. లోపలి ద్రవం మాత్రం గొట్టాల గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరై తగ్గుతుంది, చాలావాటికి మళ్లీ నింపుకునే వీలుండదు. బరువైన రాగి, రేకులకి వయసుతో వచ్చే జబ్బులు తక్కువ.

ఇంకొకటి. టవర్ ఫ్యాను గాలి పక్కనున్న బోర్డు పవర్ సర్క్యూట్ల మీదుగా కూడా పోతుంది. ఓవర్‌క్లాక్ చేస్తే అవి కూడా బాగా కాగుతాయి. వాటర్ కూలర్ పెడితే ఆ చోట గాలి ఆడదు, అందుకే కొన్ని కంపెనీలు పంపు మీద చిన్న ఫ్యాను పెట్టి అమ్ముతున్నాయి.

మరి నీళ్లు ఎవరికి? ఐ9-14900కె లాంటిది, 253 వాట్లు, రోజంతా రెండరింగ్‌లో నలిగేది, ఏసీ గదిలో ఉండేది అయితే 360 పెట్టమని నేనే చెబుతాను. చిన్న క్యాబినెట్ అయి, టవర్ ఎత్తు పట్టకపోయినా అంతే. మెషీన్ని తరచూ బండి మీద ఊళ్లు తిప్పేవాళ్లకి కూడా, కిలో పైన బరువు బోర్డుకి వేలాడకుండా ఉంటుంది. నీకు ఈ మూడింట్లో ఒక్కటీ లేదు.

పెల్టియర్ పలక (కరెంటు ఇస్తే ఒకవైపు చల్లబడేది) పెట్టి గది వేడి కంటే కిందికి దింపుతామనే కూలర్లు ఎక్కడైనా కనిపిస్తే వాటివైపు చూడకు. ఏసీ గదిలోంచి బయటికి రాగానే నా కళ్లజోడు మసకబారిపోతుంది కదా, ఆ తేమే సాకెట్ చుట్టూ చేరుతుంది.

పరీక్ష ఎలా చెయ్యాలో కూడా చెబుతాను, చాలామంది ఇక్కడే మోసపోతారు. పొయ్యి మీద గిన్నెడు నీళ్లు చిటికెలో కాగుతాయి, గంగాళంలో అయితే చాలాసేపు పడుతుంది. వాటర్ కూలర్లో ద్రవం వేడెక్కడానికి అలాగే టైము పడుతుంది కాబట్టి మొదటి అయిదు నిమిషాల అంకె చూసి మురిసిపోకూడదు. ప్రాసెసర్‌ని పూర్తిగా పనిచేయించే సినీబెంచ్ అనే ప్రోగ్రాముని అరగంట వదలకుండా తిప్పు, పక్కన కొలతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వాట్లూ డిగ్రీలూ రెండూ చూడు. మధ్యాహ్నం రెండింటికి, ఏసీ ఆపి, క్యాబినెట్ తలుపు బిగించి చెయ్యి. రాత్రి పదింటికి తలుపు తీసి చేసిన టెస్టు నాకు చూపించకు.

బిగించేటప్పుడు కూలర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొర పీకెయ్. నవ్వకు, పీకకుండా తెచ్చేవాళ్లు ఇప్పటికీ వస్తున్నారు. పేస్టు బఠాణీ గింజంత చాలు. స్క్రూలు ఒకటి పూర్తిగా బిగించి రెండోది కాదు, ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు. క్యాబినెట్‌కి ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. వాటర్ కూలర్ మానేస్తే మిగిలే డబ్బులో క్యాబినెట్ ముందు వైపుకి మంచి జల్లెడ ఫిల్టర్లు తీసుకో, వాటిని కుళాయి కింద కడిగి ఆరబెట్టి మళ్లీ పెట్టుకోవచ్చు. టేబుల్ కింద అరలో మాత్రం దూర్చకు. బాల్కనీ తలుపుకి ఎదురుగానూ వద్దు, మంచం పక్క గోడ వైపు పెట్టు.

కూలర్ ఆర్డరు పెట్టేముందు క్యాబినెట్‌లో ఎంత ఎత్తు కూలర్ పడుతుందో దాని పెట్టె మీద చూడు. జంట టవర్లు 155 నుంచి 165 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. ర్యామ్ మీద ఎత్తు రేకులున్న మోడల్ కొన్నావేమో అది కూడా చూడు, ముందు ఫ్యానుకి అడ్డం తగులుతుంది. ఈ రెండు కొలతలూ నాకు ఫొటో తీసి పంపు, ఏ మోడల్ పడుతుందో చెబుతాను. ఆదివారం షాపు మూసేశాక వస్తాను, అప్పటిదాకా ప్రాసెసర్ డబ్బా విప్పకు.

మీ మావయ్య