పిల్లిని బయట వదలొద్దు, పచ్చి తోలు పెట్టడం మానండి

ప్రశ్న: డాక్టర్ సార్, నమస్తే. మాది కాజీపేట. పోయిన వారం మా చిన్నోడికి ఫ్లూ జ్వరం వచ్చింది. మూడు రోజులకు నాకూ అంటుకుంది. ఇంట్లో రెండు పిల్లులు, ఒక కుక్క ఉన్నాయి. చిన్నోడు పిల్లిని పక్కలో వేసుకునే పడుకుంటాడు. నిన్నటి నుంచి ఒక పిల్లి తుమ్ముతోంది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. తిండి మాత్రం తింటోంది. మా అత్తమ్మ "ఇది బర్డ్ ఫ్లూనే, పిల్లలున్న ఇల్లు, సంచిలో వేసి చెరువుగట్టున విడిచి రండి" అంటున్నారు. చికెన్ షాపులో తోలు, కార్జం తెచ్చి పచ్చిగానే పిల్లులకు పెడతాం. కుక్క టీకాల పుస్తకంలో ఇన్‌ఫ్లుయెంజా అని ఉంది. పిల్లికి కూడా అదే వేయించాలా? జ్వరం గోలీ సగం చేసి ఇవ్వొచ్చా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు మీ చివరి మాటకు జవాబు చెప్తాను. గోలీ ఇవ్వొద్దు. సగం కాదు, పావు ముక్క కూడా వద్దు. మనకు జ్వరం తగ్గించే పారాసెటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి లివర్‌కు లేదు. నేను సర్వీసులో ఉన్నప్పుడు హన్మకొండ నుంచి ఒక తల్లీకూతుళ్లు తెల్లపిల్లిని తువాలులో చుట్టుకుని తెచ్చారు. రాత్రి సగం గోలీ నీళ్లలో కలిపి పోశారట. పొద్దుటికి మొహం ఉబ్బింది, చిగుళ్లు గోధుమరంగుకు తిరిగాయి. మధ్యాహ్నం దాకా కూడా ఉండలేదు. పాపం, ప్రేమతోనే పోశారు. ఆ అమ్మాయి ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇక తుమ్ముల సంగతి. పిల్లులకు తుమ్ములు, కంటి నీళ్లు ఎక్కువగా వాటి సొంత వైరస్‌లతోనే వస్తాయి. హెర్పిస్, కాలిసి అని రెండున్నాయి, అవి మనుషులకు అంటవు. తింటోంది, తిరుగుతోంది అంటే భయపడే పరిస్థితి కాదు. కానీ మీ ఇంట్లో ఫ్లూ ఉంది కాబట్టి ఒక మాట. మన ఫ్లూ పిల్లికి సోకవచ్చు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు అమెరికాలోని అయోవాలో 13 ఏళ్ల పిల్లికి ఇంట్లోవాళ్ల నుంచే సోకింది, తర్వాత కోలుకుంది. అందుకే మీకు, చిన్నోడికి దగ్గు, జ్వరం పూర్తిగా తగ్గేదాకా పిల్లుల తిండి, నీళ్లు ఇంకొకరు చూసుకోవాలి. ఎవరూ లేకపోతే మాస్కు పెట్టుకుని, సబ్బుతో చేతులు కడుక్కుని పెట్టండి. చిన్నోడి పక్కలో ఓ వారం పడుకోబెట్టొద్దు. వాడు తిని వదిలిన కంచం నాకనివ్వొద్దు. కుక్క విషయంలోనూ ఇంతే.

మీ అత్తమ్మ భయం ఊరికే వచ్చింది కాదు. 2024 డిసెంబర్‌లో నాగ్‌పూర్‌లోని గోరేవాడ వన్యప్రాణుల రెస్క్యూ సెంటర్‌లో మూడు పులులు, ఒక చిరుత బర్డ్ ఫ్లూతో చనిపోయాయి. మీ కాజీపేటలో రైలెక్కితే బల్లార్షా మీదుగా వెళ్లే నాగ్‌పూరే. పెట్టిన మాంసం నుంచే వచ్చి ఉంటుందని అనుమానించారు. 2025 మొదట్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకు కూడా తేలింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు కుప్పలుగా చచ్చాయి, మన చౌటుప్పల్ దగ్గరా బయటపడింది. పులి, పిల్లి ఒకే కుటుంబానివే. పచ్చి మాంసం రెండింటికీ ఇష్టమే.

అందుకే చెప్తున్నాను, మీ ఇంట్లో ప్రమాదం పిల్లి కాదు, ఆ పచ్చి తోలు సంచి. తోలు, కార్జం, కందనకాయ ఏదైనా తేండి, కానీ నీళ్లు తెర్లిన తర్వాత ఇరవై నిమిషాలు ఉడికించి, చల్లార్చి పెట్టండి. ఉప్పు, మసాలా, ఉల్లిగడ్డ వద్దు. ఉడికితే వైరస్ చచ్చిపోతుంది. కోసిన కత్తి, సంచి, చేతులు సబ్బుతో కడగాలి. పిల్లి కాళ్ల దగ్గర తిరుగుతుంటే పచ్చి ముక్క విసిరేస్తాం చూడండి, ఆ అలవాటు ఈ రోజే మానాలి. పాలూ కాచినవే పోయండి. 2024లో అమెరికాలోని టెక్సాస్‌లో ఒక డెయిరీలో జబ్బు చేసిన ఆవుల పచ్చిపాలు తాగిన పిల్లుల్లో సగానికి పైగా చనిపోయాయి. మీకు వడ్డేపల్లి చెరువు దగ్గరే కదా, చచ్చిన కొంగనో కాకినో నోట కరుచుకుని వస్తే వట్టి చేత్తో లాగొద్దు. కవరు తొడుక్కుని తీసి, లోతుగా గుంత తవ్వి సున్నం చల్లి పూడ్చండి. పక్షులు వరసగా చస్తుంటే పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేయండి.

పిల్లి నుంచి మనిషికి రావడం చాలా అరుదు. 2016లో న్యూయార్క్ షెల్టర్లలో వందల పిల్లులకు ఒక రకం బర్డ్ ఫ్లూ పాకింది. వాటికి దగ్గరగా మెలిగిన ఒక వెటర్నరీ డాక్టర్‌కు సోకి, స్వల్పంగా వచ్చి తగ్గింది. ఇది అత్తమ్మకు చదివి వినిపించండి. సంచిలో వేసి చెరువుగట్టున వదిలితే ఆ పిల్లి ఆకలికి చచ్చిన పక్షులనే తింటుంది. జబ్బు లేని పిల్లికి మనమే జబ్బు తెచ్చినట్టు.

టీకా గురించి. కుక్క పుస్తకంలో ఉన్నది ఇన్‌ఫ్లుయెంజా కాదు, పారా ఇన్‌ఫ్లుయెంజా. పేరు దగ్గరగా ఉంటుంది, వైరస్ వేరు. చాలామంది ఇలాగే పొరబడతారు. పిల్లికి మూడు జబ్బులకు కలిపి వేసే టీకా, రేబిస్ టీకా తప్పకుండా వేయించండి. తుమ్ముల జబ్బులు రెండూ అందులో ఉంటాయి, ఫ్లూ ఉండదు.

పిల్లి ఒక రోజంతా తిండి ముట్టకపోయినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా ఇంట్లో ఉంచుకోవద్దు. బుట్టలో పెట్టి దగ్గర్లోని పశువుల దవాఖానకు గానీ, మామునూరు వెటర్నరీ కాలేజీకి గానీ తీసుకుపోండి. ఇంట్లో ఫ్లూ ఉందని, పచ్చి చికెన్ పెట్టామని డాక్టర్‌కు ముందే చెప్పండి, దాచొద్దు.

ప్రశ్న: బాల్కనీలో లవ్ బర్డ్స్ పెంచుతున్నాం. పావురాలు వచ్చి పంజరం మీద వాలుతున్నాయి. పర్వాలేదా? (పరకాల నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పంజరం పైన రేకు గానీ, మందపాటి గుడ్డ గానీ కప్పు బాబూ. పావురాల రెట్ట నీళ్ల గిన్నెలో పడకూడదు. చుట్టూ సన్న జాలీ కొట్టించు. కింద రాలిన గింజలు రోజూ ఊడ్చెయ్, వాటి కోసమే పావురాలు వస్తున్నాయి.