అర్థం రాసి ఆగిపోకు: ఇంగ్లీషు జాతీయాల మీద పుస్తకం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయికి,

ఆశీస్సులు.

నీ రాతప్రతి మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను. తెలుగు మీడియంలో చదువుకుని, ఉద్యోగంలో చేరాక ఇంగ్లీషుతో కుస్తీ పడుతున్న వాళ్ల కోసం ఇంగ్లీషు జాతీయాల (ఇడియమ్స్) మీద తెలుగులో పుస్తకం రాయాలన్న ఆలోచన చాలా మంచిది. దాని అవసరం ఎంతుందో నాకు తెలుసు. నాకు ఉత్తరాలు రాసే పాఠకులు మళ్లీ మళ్లీ చెప్పే బాధ ఇదే: "మాటలన్నీ తెలిసినవే మాస్టారూ, వాక్యం మాత్రం అర్థం కావడం లేదు." నలుగురిలో కూర్చుని, అందరూ నవ్వుతుంటే ఎందుకో తెలియక తానూ నవ్వే మనిషి బాధ అది. నీ పుస్తకం ఆ మనిషికి ఉపయోగపడాలన్న కోరికతో మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ఇప్పుడున్న రూపంలో అది డిక్షనరీలా ఉంది. ముందు జాతీయం, పక్కన అర్థం, కింద ఒక వాక్యం. 'కిక్ ద బకెట్' అంటే చనిపోవడం అని రాశావు. అర్థం సరైనదే. కానీ నీ పాఠకుడి మేనేజర్‌గారి తండ్రి పోయారనుకో. అతను సంతాపం తెలుపుతూ మెయిల్ రాయాలి. నీ పుస్తకం తెరిచి ఆ మాట వాడితే గతేమిటి? మనిషి పోతే మనం కాలం చేశారంటాం, పరమపదించారంటాం, పోయారంటాం, టపా కట్టేశాడని కూడా అంటాం. నాలుగింటికీ అర్థం ఒకటే, కానీ నాలుగో మాట చావింట్లో ఎవరూ అనరు. 'కిక్ ద బకెట్' ఆ కోవలోది. మనవాళ్లు దాన్ని 'బాల్చీ తన్నేశాడు' అని తెలుగు చేసుకున్నది కూడా ఆ వెటకారంతోనే. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ ఈ మాటను ఎక్కించింది వీధి భాష కోసం తయారుచేసిన నిఘంటువులో. సంతాపానికి 'పాస్డ్ అవే' అనే మర్యాదైన మాట ఉంది. ఈ తేడా నీ పేజీలో అర్థం కంటే ముందు కనపడాలి.

ఈ ఉత్తరంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. ప్రతి జాతీయం దగ్గరా ఎవరు, ఎవరితో, ఎలాంటి సమయంలో అంటారో రాయి. అది రాయలేకపోతే ఆ జాతీయాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టు.

ఎలా రాయాలో ఒకటి చూపిస్తాను. 'అండర్ ద వెదర్' తీసుకో. నువ్వు 'అనారోగ్యంగా ఉండటం' అని రాసి వదిలేశావు. నేనైతే ఇలా రాస్తాను: జలుబు, కొంచెం జ్వరం, ఒళ్లు నొప్పులు ఉన్నప్పుడు 'ఐ యామ్ ఫీలింగ్ ఎ బిట్ అండర్ ద వెదర్' అంటారు. తెలుగులో 'ఒంట్లో నలతగా ఉంది' అనే మాటకు దాదాపు సరిపోతుంది. పై అధికారికి సెలవు కోసం పంపే మెసేజ్‌లో హాయిగా వాడుకోవచ్చు. గుండె ఆపరేషన్ అయిన మనిషి గురించి ఇలా అనకూడదు, జబ్బును తేలిక చేసినట్టు ఉంటుంది. వాతావరణం గురించి కాదని మాత్రం గుర్తుపెట్టుకోవాలి. అంతే, నాలుగైదు వాక్యాలు. కానీ పాఠకుడు రేపు పొద్దున్న ధైర్యంగా వాడతాడు.

ఇంత వివరంగా రాస్తే అన్ని జాతీయాలూ పట్టవు కదా అంటావు. పట్టవు, పట్టనక్కర్లేదు. రోజామండ్ మూన్ అనే పరిశోధకురాలు నిజంగా జనం రాసిన, మాట్లాడిన ఇంగ్లీషును కుప్పపోసిన పెద్ద భాండాగారాన్ని జల్లెడ పట్టి 1998లో ప్రచురించిన అధ్యయనంలో తేలిన సంగతి ఏమిటంటే, ఇలాంటి పదబంధాల్లో చాలా భాగం పది లక్షల మాటల్లో ఒక్కసారి కూడా కనపడవు. పాఠ్యపుస్తకాల్లో మనం బట్టీ పట్టినవి నిజ జీవితంలో అంత అరుదన్నమాట. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' సంగతే చూడు. వ్యంగ్య రచయిత జోనథన్ స్విఫ్ట్ 1738 నాటికే దాన్ని అరిగిపోయిన సంభాషణల మాటల్లో చేర్చాడు. ఈ రోజు లండన్‌లో కుండపోతగా వాన పడుతుంటే జనం ఎక్కువగా అనేది 'ఇట్స్ పోరింగ్' అని. మన పిల్లలకు మాత్రం జాతీయం అనగానే మొదట గుర్తొచ్చేది ఆ పిల్లులూ కుక్కలే. అది అర్థమైతే చాలు, వాడమని ప్రోత్సహించకు. పుస్తకంలో రెండు రకాల గుర్తులు పెట్టు: ఇది విని తెలుసుకోవడానికి, ఇది నోటితో అనడానికి. మొదటి రకం ఎక్కువ, రెండోది తక్కువ ఉండాలి.

విదేశాలకు వెళ్లడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసే పిల్లల కోసమైనా ఈ విభజన కావాలి. మాట్లాడే పరీక్షలో ఏడో బ్యాండు, అంటే ఏడో స్కోరు స్థాయి, వర్ణనలో జాతీయ పదజాలం ప్రస్తావన ఉన్న మాట నిజమే. దాన్ని పట్టుకుని ప్రతి జవాబులో రెండు జాతీయాలు ఇరికించమని చెప్పేవాళ్లున్నారు. అదే వర్ణనలో శైలి గురించి, ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందన్న ఎరుక గురించి కూడా ఉంది. ఆ భాగం ఎవరూ చదివి వినిపించరు. 'పీస్ ఆఫ్ కేక్' (చాలా సులువు), 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' (ఎప్పుడో ఒకసారి) వరసగా వల్లిస్తే పరీక్షకుడికి బట్టీ వాసన తెలిసిపోతుంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షల సంగతి వేరు, అక్కడ నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపట్టాలి, అంతే. వాటికి కావలసింది వేరే పుస్తకం. రెండూ కలిపితే రెంటికీ న్యాయం జరగదు.

ఇక నీ రాతప్రతిలో అసలు కనపడని ఒక రకం ఉంది. నా దృష్టిలో నేర్చుకునేవాళ్లను ఎక్కువగా దెబ్బ తీసేవి అవే. బకెట్టు, పిల్లి, నీలి చంద్రుడు వినపడితే ఎవరికైనా అనుమానం వస్తుంది, ఇందులో ఏదో మెలిక ఉందని. మెలిక ఉన్నట్టే కనపడనివి ప్రమాదకరం. 'యూ కెన్ సే దట్ అగైన్' అంటే 'నూటికి నూరు పాళ్లు నిజం' అని. తెలియని మనిషి తాను చెప్పింది ఎదుటివాళ్లకు వినపడలేదనుకుని మళ్లీ మొదటి నుంచి చెబుతాడు. 'టెల్ మీ అబౌట్ ఇట్' అంటే 'ఆ బాధ నాకు తెలియదా' అని. మనవాడు నిజంగా అడుగుతున్నారనుకుని కథంతా వివరంగా మొదలుపెడతాడు. 'క్వైట్ ఎ ఫ్యూ' అంటే కొన్ని కాదు, చాలా. 'హెల్ప్ యువర్‌సెల్ఫ్' అంటే నీ పాట్లు నువ్వు పడమని కాదు, కావలసింది మొహమాటం లేకుండా వడ్డించుకోమని. బ్రిటిష్ అధికారి నీ రిపోర్టు చూసి 'క్వైట్ గుడ్' అంటే పొంగిపోకూడదు, చాలాసార్లు దాని అర్థం 'పర్వాలేదు' దగ్గరే ఆగుతుంది. అదే మాట అమెరికన్ అంటే నిజంగానే మెచ్చుకున్నట్టు. 'విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్' అని ఎవరైనా మొదలుపెట్టారంటే ఆ తర్వాత వచ్చేది అభ్యంతరమే. వీటికి ఒక పెద్ద అధ్యాయం ఇవ్వు. బొమ్మ కళ్ల ముందు కట్టే జాతీయాలన్నీ తగ్గించయినా సరే, దీనికి చోటు చెయ్యి.

ఆఫీసు మాటల దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని అమెరికా క్లయింట్లతో రాత్రిళ్లు కాల్స్ మాట్లాడే మన పిల్లలకు ఎదురయ్యే జాతీయాల్లో కొన్ని బేస్‌బాల్ నుంచి వచ్చినవి. మనం ఎన్నడూ చూడని ఆట. అందుకే ఊహకు అందవు. 'బాల్‌పార్క్ ఫిగర్' ఇవ్వమంటే ఉజ్జాయింపు లెక్క అడుగుతున్నారు, పైసలతో సహా కాదు. ఇది తెలియక కచ్చితమైన అంకె కోసం కుర్రాడు టెన్షన్ పడి రాత్రంతా కూర్చుంటాడు. 'లెట్స్ టచ్ బేస్ ఆన్ మండే' అంటే సోమవారం ఒకసారి మాట్లాడుకుందామని. 'కర్వ్‌బాల్' అంటే అనుకోకుండా వచ్చిపడిన చిక్కు, బంతి విసిరేవాడు దాన్ని గాల్లో వంపు తిరిగేలా వేస్తాడు కాబట్టి. 'స్టెప్ అప్ టు ద ప్లేట్' అంటే ముందుకొచ్చి బాధ్యత నెత్తికెత్తుకోవడం, బ్యాట్స్‌మన్ వెళ్లి నిలబడే చోటు పేరు ప్లేట్.

'రెయిన్ చెక్' నాకు ప్రత్యేకంగా ఇష్టం. వానొచ్చి ఆట ఆగిపోతే, ఇంకో రోజు వచ్చి చూసుకోమని ప్రేక్షకులకు చీటీ ఇచ్చే అలవాటు అమెరికా మైదానాల్లో 19వ శతాబ్దం చివర్లో ఉండేది. అక్కణ్ణుంచి వచ్చింది. భోజనానికి పిలిస్తే 'కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్?' అన్నారంటే ఇవాళ కుదరదు, మరోసారి తప్పకుండా అని. పిలుపు కాదన్నారని మనసు కష్టపెట్టుకోనక్కర్లేదు. కొత్తగా డల్లాస్ వెళ్లిన మన అమ్మాయికి పక్కింటావిడ ఈ మాట అంటే ఏమనుకోవాలో నీ పుస్తకం చెప్పాలి.

ఇటు మన ఆట క్రికెట్. 'ఆన్ ద బ్యాక్ ఫుట్' అంటే ఆత్మరక్షణలో పడ్డారని మన పాఠకుడికి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. 'స్టిక్కీ వికెట్' మాత్రం ఈ తరానికి చెప్పాలి. పిచ్ మీద కవర్లు కప్పని రోజుల్లో వానకు తడిసి, ఎండకు ఆరుతున్న పిచ్ మీద బంతి ఎటు లేస్తుందో తెలిసేది కాదు. అలాంటి ఇరకాటంలో పడ్డవాళ్ల గురించి ఆ మాట అంటారు. ఇవి ఇంగ్లాండ్, ఆస్ట్రేలియా వాళ్లకు సులువుగా అర్థమవుతాయి. అమెరికన్ క్లయింటుతో 'స్టిక్కీ వికెట్' అంటే బిత్తరపోతాడు. ఏ మాట ఏ దేశంలో చెల్లుతుందో పక్కన చిన్నగా వెయ్యి.

పుట్టుపూర్వోత్తరాల కథలు నువ్వు చాలా ఇష్టంగా రాశావు. అందులో కొన్ని తీసేయాలి. పూరికప్పు మీద పడుకున్న పిల్లులూ కుక్కలూ వానకు జారి కిందపడేవన్న కథకు ఆధారం లేదు. 1999లో ఈమెయిళ్లలో తిరిగిన ఒక సరదా కట్టుకథల దండ దాన్ని లోకమంతా వ్యాపింపజేసింది. 'సేవ్డ్ బై ద బెల్' శవపేటికకు కట్టిన గంట అన్నది కూడా ఆ దండలోదే. నిజానికది బాక్సింగ్ మాట, గంట మోగితే రౌండ్ అయిపోయి దెబ్బలు తింటున్నవాడు బతికిపోతాడు. నమ్మదగ్గ కథలే కావాలంటే 'రెడ్ హెరింగ్' రాయి. పొగబెట్టి ఎర్రబారిన హెరింగ్ చేప ఘాటైన వాసన వేస్తుంది. విలియం కాబెట్ అనే పత్రికా రచయిత, చిన్నప్పుడు ఆ చేపను ఈడ్చి కుందేలు వెంటపడ్డ వేటకుక్కల్ని పక్కదారి పట్టించానని 1807లో రాశాడు. నెపోలియన్ ఓడిపోయాడన్న తప్పుడు వార్త వెంట పరిగెత్తిన పత్రికల్ని మందలించడానికి చెప్పిన కథ అది. వేటగాళ్లకు నిజంగా అలాంటి అలవాటు ఉన్నట్టు లేదు. అయినా అసలు విషయం నుంచి దృష్టి మళ్లించే దానికి ఆ పేరు నిలిచిపోయింది. ఒక్క రచయిత కలం వల్ల ఒక జాతీయానికి ఊపిరి రావడం, నీలాంటి వాళ్లు తెలుసుకోవలసిన సంగతి.

ప్రతి జాతీయానికీ తెలుగు జోడీ వెతకడంలో నీ శ్రమ కనపడుతోంది. కొన్ని అద్భుతంగా కుదిరాయి, అగ్నికి ఆజ్యం లాంటివి. కొన్నిచోట్ల జోడీ కుదరకపోయినా ముడిపెట్టావు. 'సిట్టింగ్ ఆన్ ద ఫెన్స్' పక్కన గోడ మీద పిల్లి అని పెట్టావు. కంచె మీద కూర్చున్న మనిషి ఏదీ తేల్చుకోని మనిషి, అంతే. మన గోడ మీద పిల్లి ఎటు లాభముంటే అటు దూకే రకం. రెండోదానిలో నింద ఉంది. 'పుల్లింగ్ యువర్ లెగ్' దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఆటపట్టించడం దాని అర్థం. ఎదిగేవాణ్ణి కాళ్లు పట్టి కిందికి లాగడం మన తెలుగులో ద్రోహం. స్నేహితుడు నవ్వుతూ ఆ ఇంగ్లీషు మాట అంటే పాఠకుడు శత్రువనుకునే ప్రమాదం ఉంది. తేడా ఉన్నచోట తేడా రాయి, జోడీ లేదని రాయడం తప్పేమీ కాదు.

మాటల వరస మార్చకూడదన్న నియమం నువ్వు బాగానే చెప్పావు. ఒక్కటి చేర్చు: కొన్ని కొంచెం వంగుతాయి, కొన్ని అసలు వంగవు. 'ద బీన్స్ వర్ స్పిల్డ్' అంటే రహస్యం బయటపడిందనే అర్థం నిలుస్తుంది. 'ద బకెట్ వాజ్ కిక్డ్' అంటే మిగిలేది నిజం బకెట్టే.

చివరి అధ్యాయంలో మన దేశపు ఇంగ్లీషును వెక్కిరించావు. అది పూర్తిగా తిరగరాయమని గట్టిగా చెబుతున్నాను. 'డూ ద నీడ్‌ఫుల్' (కావలసింది చేయండి) ఒకప్పుడు బ్రిటిష్ వాళ్లు రాసిన మాటే. అక్కడ పాతబడింది, మన ఆఫీసుల్లో బతికే ఉంది. 'ఔట్ ఆఫ్ స్టేషన్' (ఊళ్లో లేను) మన మధ్య అందరికీ అర్థమయ్యే మాట. 'పాస్డ్ అవుట్' గురించి మాత్రం హెచ్చరించు, ఫలానా సంవత్సరంలో కాలేజీ నుంచి పాసయ్యానని మనం అంటే, బయటి దేశంలో స్పృహ తప్పిందని అర్థం చేసుకోవచ్చు. ఆ ఎరుక ఇస్తే చాలు. నీ పుస్తకం కొనే మనిషి ఇప్పటికే నోరు విప్పడానికి సిగ్గుపడుతున్నాడు. వాళ్ల నాన్నగారు, వాళ్ల మాస్టారు మాట్లాడిన ఇంగ్లీషును చూసి నవ్వితే ఆ మనిషి పుస్తకం మూసేస్తాడు.

ముందు ఆఫీసు మాటల అధ్యాయం ఒక్కటే తిరగరాసి పంపు. ఎవరు ఎవరితో అంటారో నీకే సందేహంగా ఉన్న జాతీయాల పక్కన పెన్సిల్‌తో గీత పెట్టు, వాటిని కూర్చుని కలిసి తేల్చుకుందాం. తెలుగు మీడియంలో చదివి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న వాళ్లెవరికైనా ముందే చదివి వినిపించి, వాళ్లు ఎక్కడ ఆగిపోయారో అది కూడా రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు