కంది పూత మీద పెంకు పురుగులు

చిరంజీవి అల్లుడికి,

ఒళ్లు నల్లగా, రెక్కల మీద ఎర్రటి అడ్డపట్టీలు, అంగుళం పొడవు, నిదానపు నడక. నీ కంది పూత తినేస్తున్న పురుగుల గురించి నువ్వు రాసిన ఈ గుర్తులన్నీ బొబ్బలు లేపే పెంకు పురుగువే. వేలితో నొక్కితే చాలు, కాళ్ల కీళ్ల దగ్గర పసుపుపచ్చని నూనెచుక్క ఊరుతుంది. అందులో ఉండేది కాంథరిడిన్ అనే విషం. అంటిన వెంటనే మంట పెద్దగా తెలియదు కాబట్టి పంచెకు తుడుచుకుని ఊరుకుంటారు, తెల్లారేసరికి బొబ్బ లేస్తుంది. మోచేతి మడతలో అంటితే చెయ్యి ముడిచినప్పుడు అవతలి వైపుకూ పాకి, ఎదురెదురుగా రెండు బొబ్బలు వస్తాయి.

మందు కొట్టడానికి తొందరపడకు. ఈరోజు ఉన్నవి చచ్చినా రేపు పక్క పొలం నుంచి కొత్తవి ఎగిరొస్తాయి, మధ్యలో చచ్చేవి తేనెటీగలు. ఎకరాల కొద్దీ కంది ఒకేసారి పూస్తే ఇవి పెద్ద లెక్క కాదు. పోయిన పూతకు బదులు చెట్టు మళ్లీ పూస్తుంది. చుట్టుపక్కల ఏదీ పూయని రోజుల్లో నీ చిన్న మడి ఒక్కటే పూసిందనుకో, అన్నీ అక్కడికే చేరి మొగ్గ, పువ్వు మిగల్చవు. అప్పుడు ఏరక తప్పదు.

ఎండ ముదరకముందే వెళ్లు, చలికి అవి మందకొడిగా ఉంటాయి. పొడుగు చేతుల చొక్కా, మోచేతి దాకా రబ్బరు తొడుగులు వేసుకో. వెడల్పు మూతి బకెట్‌లో సగానికి నీళ్లు పోసి, రెండు చెంచాల సబ్బుపొడి కలుపు. ముందు బకెట్ కొమ్మ కింద పెట్టి, తర్వాతే కొమ్మ తట్టు. వరస తప్పితే నేల మీద పడి ఆకుల్లో దాక్కుంటాయి. రెండు మూడు రోజులకోసారి మళ్లీ చూడు. వీటి పిల్లలు మాత్రం నేలలో మిడతల గుడ్లు తినే రకం, అందుకే సమూలంగా పోవాలని నేను కోరుకోను.

మెడ మీద వాలితే చరచకు, ఊదెయ్యి. తొడుగు చేత్తో చెమట తుడుచుకోకు. రసం అంటితే వెంటనే సబ్బుతో కడుగు, లేచిన బొబ్బను చిదమకు. కంట్లో పడితే పావుగంట మంచినీళ్లతో కడిగి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లు.

చచ్చిన పురుగులను గోతిలో పూడ్చు, మేతలో కలవనివ్వకు. ఎండినా విషం పోదు. అమెరికాలో ఎండుగడ్డిలో ఇవి కలిసి గుర్రాలు చచ్చిపోతుంటాయి.

ఇట్లు,
మామయ్య