హాస్టల్ ఫీజు కట్టే ముందు: మేనకోడలికి ఉత్తరం

బిడ్డా,

ఘట్‌కేసర్ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చిందని మీ నాన్న చెప్పగానే చాలా సంతోషమైంది. ఆ వెంటనే అసలు సంగతి ఎత్తాడు. హాస్టల్‌కు ఏడాదికి 1,10,000 రూపాయలట. ఆలేరు నుంచి రోజూ పోయి రావచ్చు కదా అని మీ అమ్మ, హాస్టల్లో ఉంటేనే చదువు సాగుతుందని నువ్వు. మధ్యలో వాడు ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. ముగ్గురూ కూర్చుని చదవండి.

ముందు లెక్క చూద్దాం. హాస్టల్ ఏడాదిలో పది నెలలు నడుస్తుందనుకుంటే నెలకు 11,000. ఇంట్లో ఉన్నా నీ తిండికి నెలకు మూడు వేలైనా అవుతుంది కదా, అది తీసేయ్. మిగిలింది 8,000. దీనికి పైఖర్చులు కలుపు: సబ్బులు, బట్టలు ఉతికించడం, సాయంత్రం ఆకలేస్తే కొనుక్కునేవి. ఎంత పొదుపుగా ఉన్నా రెండు వేలు. అంటే ఇంటి నుంచి పోయి రావడం కంటే హాస్టల్‌కు నెలకు సుమారు పది వేలు ఎక్కువ పడుతుంది. బస్సు ఖర్చు నీకు లేనట్టే. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ప్రభుత్వ మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్ ఇస్తున్నారు. తొందరలో డీలక్సో సూపర్ లగ్జరీయో ఎక్కితే మాత్రం డబ్బులు పెట్టాల్సిందే.

ఇప్పుడు టైము చూడు. ఆలేరు నుంచి ఘట్‌కేసర్ సుమారు 45 కిలోమీటర్లు. బస్సులో గంటా గంటంపావు. స్టాండులో ఎదురుచూడటం, హైవే మీద దిగి షేర్ ఆటో పట్టుకోవడం కలిపితే ఇంటి గుమ్మం నుంచి క్లాసు దాకా రెండు గంటలు వేసుకో. రోజుకు నాలుగు గంటలు. నెలకు 24 రోజులు కాలేజీ ఉంటే 96 గంటలు. పది వేలను 96తో భాగించు, గంటకు వంద రూపాయల పైచిలుకు వస్తుంది. నువ్వు హాస్టల్‌కు కట్టే ఫీజంతా ఆ గంటల కోసమే. మంచం, ఫ్యాను, తిండి ఇంట్లోనూ ఉన్నాయి. ఆ గంటలను నువ్వు ఏం చేసుకుంటావన్నదే అసలు ప్రశ్న.

నా హాస్టల్లో చాలామంది పిల్లలు సాయంత్రం ఐదుకు వచ్చి పడుకునేవాళ్లు. ఏడింటికి లేచి ఫోను పట్టుకునేవాళ్లు, మెస్సులో కూర నచ్చక బయటి నుంచి తెప్పించుకునేవాళ్లు, రాత్రి రెండింటి దాకా కబుర్లు. పొద్దున ఫస్ట్ అవర్ ఎగ్గొట్టేవాళ్లు. కాలేజీ ఆవరణలోనే ఉంటూ అటెండెన్స్ 75 శాతం లేక మెడికల్ సర్టిఫికెట్ల కోసం తిరిగిన పిల్లలు నాకు తెలుసు. అలాంటి వాళ్లకు లక్ష దండగే. అదే హాస్టల్లో ఇంకొందరు రాత్రి పదింటికి ల్యాప్‌టాప్ చేతపట్టుకుని పక్క గది తలుపు కొట్టేవాళ్లు. ప్రోగ్రాం ఎక్కడ ఆగిందో అవతలి అమ్మాయి పది నిమిషాల్లో చూపించేది. ఇంట్లో ఉంటే ఆ డౌటు తెల్లారి కాలేజీకి వెళ్లేదాకా అలాగే ఉంటుంది, మర్చిపోతే శాశ్వతంగా ఉంటుంది. హాస్టల్ వల్ల నిజంగా కలిసొచ్చేది ఇదే. స్టడీ అవర్స్ పెట్టారనో క్రమశిక్షణ ఉందనో చూసి డబ్బు కట్టొద్దు.

ఇంకో సంగతి మీ అమ్మ కూడా వినాలి. నువ్వు ఆరున్నర బస్సు అందుకోవాలంటే ఆమె నాలుగున్నరకు లేచి బాక్సు కట్టాలి. నువ్వు రాత్రి ఏడున్నరకు ఇల్లు చేరేదాకా ఆమె ప్రాణం వాకిట్లోనే ఉంటుంది. నాలుగేళ్లు. ఇంటి నుంచి పోతే ఖర్చు లేదు అనేవాళ్లు ఈ కష్టాన్ని లెక్కలోకి తీసుకోరు. మీ అమ్మకు మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి.

అయితే ఈ హాస్టల్ ఆ గంటలు నిజంగా ఇస్తుందో లేదో ముందే చూసుకోవాలి. పగలు వెళితే ఆఫీసు వాళ్లు మంచి గది తెరిచి చూపిస్తారు. సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి. గేటు ఎన్నింటికి మూస్తారో అడుగు. లైబ్రరీ ఎనిమిది దాకా తెరిచి ఉండి, ఆడపిల్లల గేటు ఆరున్నరకే మూసేస్తే నువ్వు డబ్బు పెట్టిన గంటలు గదిలోనే గడిచిపోతాయి. ల్యాబులకు, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌కు పర్మిషన్ ఇస్తారా, అదీ అడుగు. నలుగురు ఉండే గదిలో ప్లగ్గు పాయింట్లు లెక్కపెట్టు. ఒక్కటే ఉంటే రోజూ గొడవే. ఫ్లోరుకు ఎన్ని బాత్రూములు, పొద్దున ఏడింటికి పై అంతస్తు కుళాయికి నీళ్లు ఎక్కుతాయా, ఏప్రిల్‌లో ట్యాంకర్లు తెప్పిస్తారా. ఈ ప్రశ్నలు వార్డెన్ ముందు వద్దు, బట్టలు ఆరేసుకుంటున్న సెకండియర్ పిల్లలను పక్కకు పిలిచి అడుగు. ఉన్నదున్నట్టు చెబుతారు. మెస్సులో డబ్బిచ్చి ఒక పూట తిను. నేను పప్పు గిన్నె అడుగుదాకా గరిటె పెట్టి చూసేదాన్ని. అడుగున కూడా నీళ్లే తగిలితే ఆ మెస్సు సంగతి అర్థమైపోతుంది.

రసీదు విషయంలో మొహమాటం వద్దు. డిపాజిట్ ఎంత, మధ్యలో ఖాళీ చేస్తే ఎంత వెనక్కి ఇస్తారు, సెమిస్టర్‌కు సగం సగం కట్టొచ్చా, అన్నీ కాగితం మీద రాయించుకోండి. జీఎస్టీ అని కలిపితే ఎందుకని అడగండి. మనిషికి నెలకు 20,000 లోపు ఉండి, కనీసం 90 రోజులు వరుసగా ఉండే వసతికి 2024 జూలై నుంచి మినహాయింపు ఉంది.

ఇక డబ్బు ఎక్కడిది అన్న మాట. ఇది మీ నాన్నకు. తమ్ముడూ, నూటికి రెండు రూపాయల వడ్డీకి మాత్రం తేకు. 1,10,000కు నెలకు 2,200 వడ్డీకే పోతుంది, ఏడాదికి 26,400. అలా తెచ్చే పరిస్థితే ఉంటే హాస్టల్ వద్దు, పిల్ల బస్సులోనే పోతుంది, అందులో నామోషీ ఏమీ లేదు. బ్యాంకులో విద్యా రుణం తీసుకుంటే హాస్టల్ ఫీజు కూడా అందులో కలపొచ్చు, కాలేజీ ఇచ్చే ఫీజుల పట్టికలో హాస్టల్ విడిగా రాసి ఉండేలా చూసుకో. ఫీజు రీయింబర్స్‌మెంట్ ట్యూషన్ ఫీజుకే. దానితో పాటు వచ్చే మెయింటెనెన్స్ స్కాలర్‌షిప్‌కు ఈపాస్‌లో (ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల వెబ్‌సైట్) తప్పకుండా అప్లై చేయించు, కానీ అది పడుతుందని నమ్ముకుని హాస్టల్‌కు ఒప్పుకోకు. ప్రభుత్వ బీసీ, ఎస్సీ, ఎస్టీ కాలేజీ హాస్టళ్లు కూడా ఉన్నాయి. మీకు దగ్గర్లో ఏదుందో, ఖాళీలున్నాయో లేదో జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసులో ఇప్పుడే కనుక్కో. క్లాసులు మొదలయ్యాక పోతే దొరకవు.

నా మాటేమిటంటే బిడ్డా, నాలుగేళ్లకు కలిపి నిర్ణయం తీసుకోకండి. నాలుగేళ్లంటే 4,40,000. వచ్చే ఏడాది నీ తమ్ముడి ఇంటర్ ఫీజు కూడా ఉంది. మొదటి ఏడాదికి మాత్రం హాస్టల్లో చేరు. ఫస్టియర్‌లో మ్యాథ్స్, ప్రోగ్రామింగ్ తడబడితే ఆ బ్యాక్‌లాగులు, అంటే తప్పిన సబ్జెక్టులు, చివరిదాకా వెంట వస్తాయి. స్నేహితులు కుదిరేదీ అప్పుడే. ఏడాది తిరిగేసరికి నీకు నమ్మకమైన ముగ్గురు దొరికితే సెకండియర్‌లో గది అద్దెకు తీసుకుని వండుకోండి, చాలా తక్కువలో అయిపోతుంది. లేదా ఇంటి నుంచే తిరుగు, అప్పటికి ఏ రోజు ఎంతసేపు కాలేజీలో ఉండాలో నీకే తెలుస్తుంది. దీనికి నాదొక షరతు. మొదటి సెమిస్టర్ రిజల్ట్ రాగానే నాకు పంపాలి. ఒక్క సబ్జెక్టు పోయినా కారణం ఏమిటో కూర్చుని మాట్లాడుకుందాం, తిట్టను.

శనివారం సాయంత్రం మీరు ముగ్గురూ ఘట్‌కేసర్ రండి, నేను ఉప్పల్ నుంచి వస్తాను. హాస్టల్, మెస్సు చూశాకే అడ్వాన్స్ సంగతి. అప్పటిదాకా సీటు అయిపోతుందని ఎవరు ఫోన్ చేసినా ఒక్క రూపాయి పంపొద్దని మీ నాన్నతో చెప్పు.

మీ అత్త